సాఫ్ట్‌వేర్ మార్చే ముందు ఆ ఫ్లాస్కును చేతిలోకి తీసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక కొత్త కంపెనీ తయారుచేసిన స్టీల్ వాక్యూమ్ ఫ్లాస్కుకు 20 సెకన్ల వీడియో చేయాలి. మీరు మూడు నెలలుగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నారు. ఫ్లాస్కు ఫొటోను కత్తిరించి, అటూ ఇటూ జరిపి, చుట్టూ గీతలూ మెరుపులూ పెట్టి ఒక వెర్షన్ చేశారు. చూసినవాళ్లు "స్లయిడ్ ప్రెజెంటేషన్‌లా ఉంది" అన్నారు. ఇప్పుడు 3డి సాఫ్ట్‌వేర్లలో బ్లెండర్ నేర్చుకోవాలా, సినిమా 4డి తీసుకోవాలా, పని ఏ వరుసలో చేయాలి, ఎన్ని రోజులు పడుతుంది అని అడుగుతున్నారు.

పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

సాఫ్ట్‌వేర్ సంగతి ముందు తేల్చేద్దాం, దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో వచ్చింది. అప్పటి నుంచీ దాని ప్రాణం పొరల మీదే ఉంది. ఒక పొర మీద ఇంకో పొర పేర్చడం, వాటిని కదిలించడం, కలపడం, రంగు సరిచేయడం, అక్షరాలను ఆడించడం దానికి బాగా వచ్చు. ఇటీవలి వెర్షన్లు 3డి మోడల్‌ను కూడా నేరుగా తీసుకుంటాయి. అయినా స్టీల్ మీద వెలుగు పాకడం, మూత విప్పడం, గోడను కోసి లోపల చూపించడం లాంటివి కావాలంటే అసలైన 3డి సాఫ్ట్‌వేర్‌లోనే చేయాలి. బ్లెండర్ ఉచితం. 2002లో ఓపెన్ సోర్స్ అయింది, మీ పనికి అది సరిపోతుంది. కాబట్టి ఫ్లాస్కు కదిలే షాట్లు బ్లెండర్‌లో, అక్షరాలూ రంగులూ చివరి కూర్పూ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేయండి. సినిమా 4డి చాలా మంచిదే, కానీ ఈ ఒక్క వీడియో కోసం దాని మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

అయితే సాఫ్ట్‌వేర్ మారినంత మాత్రాన స్లయిడ్ ప్రెజెంటేషన్ వాసన పోదు. అది ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. మీరు వర్ణించిన వెర్షన్‌లో ఫ్లాస్కు ఎడమ నుంచి వస్తుంది, కాస్త తిరుగుతుంది, పెద్దదవుతుంది, ఆగుతుంది. ఎందుకు వచ్చింది, ఎందుకు తిరిగింది? చూసేవాడికి దానివల్ల కొత్తగా ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. కదలిక ఉంది, కబురు లేదు. ప్రోడక్ట్ వీడియోలో ప్రతి కదలికా చూసేవాడి మనసులో ఉన్న ఒక ప్రశ్నకు జవాబు కావాలి. మూత ఎలా తెరుచుకుంటుంది, కారుతుందా, వేడి ఎందుకు నిలుస్తుంది, చేతిలో ఎంత పడుతుంది, ఇలాంటివి. జవాబు చెప్పని కదలిక ఎంత అందంగా ఉన్నా తీసేయండి. నేను నమ్మి పాటించే సూత్రం ఇదొక్కటే. కింద రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అందుకే మొదటి రోజు కంప్యూటర్ జోలికి వెళ్లొద్దు. ఆ ఫ్లాస్కును తెప్పించుకుని చేతిలో పెట్టుకోండి. మూత విప్పండి, బిగించండి, పది సార్లు. ఎన్ని చుట్లు తిరుగుతోంది? తిరుగుతూ ఎంత పైకి లేస్తోంది? చివర బిగుసుకునేటప్పుడు ఏదైనా చప్పుడు వస్తోందా? లోపలి సిలికాన్ రింగు నొక్కుకుంటున్నది వేలికి తెలుస్తోందా? ఖాళీగా ఉన్నప్పుడూ నిండుగా ఉన్నప్పుడూ బల్ల మీద పెట్టి చూడండి, చప్పుడులో తేడా ఉంటుంది. ఇవన్నీ ఫోన్‌లో దగ్గర నుంచి వీడియో తీసుకోండి. రేపు కీఫ్రేమ్, అంటే ఏ క్షణంలో వస్తువు ఎక్కడ ఉండాలో చెప్పే గుర్తు, పెట్టేటప్పుడు మీకు దారి చూపించేది ఆ వీడియోనే, ఏ ట్యుటోరియల్ కూడా దాని పని చేయదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో నేనూ ఇలాంటి మూత షాట్ ఒకటి చేశాను. లైటింగ్ మీద నాలుగు రోజులు కూర్చున్నాను. ఫైనల్ రెండర్, అంటే కంప్యూటర్ లెక్కకట్టి తీసిన చివరి వీడియో, పంపాక ఆ వస్తువును డిజైన్ చేసిన ఆయన ఫోన్ చేసి "మూత రివర్సులో తిరుగుతోందండీ" అన్నారు. నిజమే. విప్పే మూతను నేను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాను. మామూలు మరలన్నీ దానికి ఎదురు దిశలో తిప్పితేనే వదులవుతాయి. పైగా మూత తిరుగుతోందే గానీ పైకి లేవడం లేదు, విప్పడం అయిపోయాక ఒక్కసారిగా పైకి ఎగిరింది. ఆ షాట్ మొత్తం మళ్లీ రెండర్ చేయాల్సి వచ్చింది. మామూలు ప్రేక్షకుడు ఆ తప్పును పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు, కానీ "ఎందుకో నకిలీగా ఉంది" అని మాత్రం తప్పకుండా అనుకుంటాడు. మూతలు మనందరి చేతులకూ తెలుసు.

చేతిలో పట్టుకుని చూశాక ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయండి: ఈ వీడియో చూశాక ఒక మనిషికి గుర్తుండాల్సింది ఏమిటి? మీ విషయంలో అది "లోపల రెండు గోడల మధ్య గాలి లేదు, అందుకే వేడి పోదు" కావచ్చు, లేదా "సంచిలో తలకిందులుగా పడినా కారదు" కావచ్చు. రెండూ కావాలని కంపెనీ వాళ్లు అంటారు. రంగులు కూడా చూపించమంటారు, మూడు సైజులు ఉన్నాయంటారు. 20 సెకన్లలో ఒక విషయం బాగా చెప్పొచ్చు, రెండోది ముట్టుకుని వదలొచ్చు. అంతకు మించితే ఏదీ నిలవదు. ఈ బేరం ఇప్పుడే, కాగితం మీదే ఆడండి. రెండర్ అయ్యాక ఆడితే నష్టపోయేది మీరే.

తర్వాత షాట్లు. నేనైతే మీ ఫ్లాస్కుకు అయిదు షాట్లు పెడతాను. మొదటి మూడు సెకన్లు స్టీల్ అంచు మీద వెలుగు పాకుతుంది, వస్తువు ఏమిటో పూర్తిగా తెలియదు. తర్వాత నాలుగు సెకన్లు మూత తెరుచుకోవడం. ఆ తర్వాత ఏడు సెకన్లు కోత షాట్, అంటే గోడ తెరుచుకుని లోపలి నిర్మాణం కనబడడం. వీడియోకి గుండెకాయ అదే కాబట్టి సమయమంతా దానికే. ఆ తర్వాత మూడు సెకన్లలో మూత బిగిసి ఫ్లాస్కు తలకిందులవుతుంది, చుక్క కూడా పడదు. చివరి మూడు సెకన్లు పూర్తి ఫ్లాస్కూ, పేరూ. బొమ్మలు బాగా గీయలేకపోయినా పర్వాలేదు. అయిదు పెట్టెలు గీసి, లోపల గీతలతో స్థానం చూపిస్తే చాలు. ఆ బొమ్మలనే ఫొటో తీసి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో వాటి వాటి నిడివికి పరచి, మీ గొంతుతోనే వాయిస్ చదివి కలపండి. దీన్ని యానిమాటిక్ అంటారు. రెండు గంటల పని. కంపెనీ వాళ్లకు పంపి, "నిడివీ వరుసా ఇవేనా?" అని రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

వాయిస్ గురించి ఒక మాట. స్క్రిప్టును కళ్లతో చదివి నిడివి అంచనా వేయకండి. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి, నిదానంగా చదవండి. కళ్లు 12 సెకన్లలో దాటేసిన పేరా గొంతుకు 20 సెకన్లు తీసుకుంటుంది. మాటలు పట్టకపోతే మాటలు తీసేయాలి. చదివే వేగం పెంచడం పరిష్కారం కాదు.

ఇక మోడల్. కంపెనీ దగ్గర క్యాడ్ ఫైల్, అంటే వస్తువును కొలతలతో డిజైన్ చేసిన ఫైల్, ఉంటుంది, అడగండి. సాధారణంగా వాళ్లు స్టెప్ అనే రకం ఫైల్ పంపుతారు. బ్లెండర్ దాన్ని నేరుగా తెరవదు. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో తెరిచి మెష్‌గా, అంటే చిన్న చిన్న పలకల వలగా, మార్చుకోవచ్చు. అలా వచ్చిన మెష్ నిండా పిచ్చి త్రికోణాలు ఉంటాయి, వంపుల మీద వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఫ్లాస్కు లాంటి గుండ్రటి వస్తువుకైతే ఆ మెష్‌ను కొలతల కోసం పక్కన పెట్టుకుని, కొత్తగా కట్టుకోవడమే మేలు. ఒక పక్క అంచు గీతను గీసి చుట్టూ తిప్పితే, అంటే స్పిన్ చేస్తే, శరీరం వచ్చేస్తుంది.

మోడల్‌లో మూడు విషయాలు దాటవేయకండి. అసలు కొలతలోనే కట్టండి. 25 సెంటీమీటర్ల ఫ్లాస్కు అయితే బ్లెండర్‌లో 0.25 మీటర్లే ఉండాలి, లేకపోతే కెమెరా ఫోకస్ మసక లెక్క తప్పుతుంది. గోడలకు నిజమైన మందం ఇవ్వండి, కోత షాట్‌కు అది తప్పనిసరి. మూడోది అంచులు. కంప్యూటర్ గీసిన అంచు కత్తిలా ఉంటుంది, నిజమైన వస్తువు అంచు ఎంత పదునుగా కనిపించినా కొద్దిగా గుండ్రంగా ఉంటుంది, అక్కడ ఒక సన్నటి వెలుగు గీత పడుతుంది. ప్రతి అంచుకూ చిన్న బెవెల్, అంటే కొద్దిపాటి గుండ్రదనం, ఇవ్వండి. అర మిల్లీమీటరు చాలు. వస్తువు ఒక్కసారిగా నిజమైనట్టు కనిపించడం మొదలయ్యేది ఇక్కడే.

మోడల్ అయిందని వెంటనే మెటీరియల్స్, లైట్ల మీదకు పోకండి. మొత్తం 20 సెకన్లూ బూడిద రంగు మోడల్‌తోనే కదిలించండి. కెమెరా, మూత, కోత అన్నీ. మీరు పనిచేసే కిటికీ, అంటే వ్యూపోర్ట్, నుంచే నిమిషంలో ప్రివ్యూ వీడియో తీయొచ్చు. ఈ బూడిద వెర్షన్ సౌండ్ లేకుండా చూసినా విషయం అర్థం కావాలి. అర్థం కాకపోతే ఎన్ని మెరుపులు పూసినా అర్థం కాదు. నా పనిలో సగానికి పైగా సమయం ఈ దశకే పోతుంది. అలా పోవడం నాకు ఇష్టం కూడా, ఎందుకంటే ఇక్కడ మార్పులకు ఖర్చు లేదు.

కదలిక గురించి ఇప్పుడు కాస్త లోతుగా చెబుతాను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అందరూ ముందు నేర్చుకునేది ఎఫ్9 నొక్కి ఈజీ ఈజ్ పెట్టడం, అంటే కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగేలా చేయడం. మీ వీడియోలోనూ అన్ని కీఫ్రేములకూ అదే పెట్టి ఉంటారని నా ఊహ. దానివల్ల ప్రతి కదలికా రెండు వైపులా 33 శాతం ప్రభావంతో ఒకేలా మొదలై ఒకేలా ఆగుతుంది. ఫ్లాస్కు, అక్షరాలు, గీతలు అన్నీ నీళ్లలో తేలుతున్నట్టు ఉంటాయి. బరువున్న వస్తువుకూ కాగితానికీ తేడా లేకుండా పోతుంది. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి స్పీడ్ గ్రాఫ్ చూడండి. మెల్లగా మొదలై వేగం అందుకుని వెంటనే ఆగేది ఒక రకం, వేగంగా వచ్చి చాలాసేపు సర్దుకుంటూ ఆగేది ఇంకో రకం. ప్రోడక్ట్ తెర మీదకు వచ్చేటప్పుడు రెండో రకం బాగుంటుంది. ఆగే కీఫ్రేమ్ ప్రభావం 75, 80 దాకా పెంచి చూడండి. ఒక్క ఆ మార్పుతోనే మీ పాత వెర్షన్ కూడా సగం బాగుపడుతుంది.

బ్లెండర్‌లో అలవాటు తిరగబడుతుంది, జాగ్రత్త. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కీఫ్రేమ్ మామూలుగా లీనియర్‌గా, అంటే ఒకే వేగంతో, పడుతుంది, బ్లెండర్‌లో బెజియర్‌గా, అంటే వేగం వంపు తిరిగేలా, పడుతుంది. అంటే ఫ్లాస్కును గుండ్రంగా తిప్పే షాట్ పెడితే అడగకుండానే మొదట్లో మెల్లగా, చివర్లో మెల్లగా అవుతుంది. ఆగకుండా తిరిగే లూప్ కావాలంటే దాన్ని లీనియర్ చేయాలి. అలాగే 360 డిగ్రీల కీఫ్రేమ్ 101వ ఫ్రేమ్‌లో పెట్టి, 1 నుంచి 100 వరకే రెండర్ చేయాలి. లేకపోతే మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకటే అయి, ప్రతి చుట్టుకూ ఒకసారి తడబడుతుంది.

బరువును చూపించేది ఆగే తీరు. స్టీల్ ఫ్లాస్కు బల్ల మీద పడి బంతిలా ఎగరకూడదు. వచ్చి ఆనుకుంటుంది, ఒకటి రెండు ఫ్రేముల్లో కొద్దిగా సర్దుకుంటుంది, అంతే. సిలికాన్ రింగు మాత్రం కాస్త నొక్కుకుని మళ్లీ తేరుకోవచ్చు, అది దాని స్వభావం. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో రాసిపెట్టిన 12 యానిమేషన్ సూత్రాల్లో మొదటిది స్క్వాష్ అండ్ స్ట్రెచ్. దాన్ని స్టీల్ మీద వాడేసేవాళ్లను చాలామందిని చూశాను. ఏ భాగం దేనితో తయారైందో గుర్తుపెట్టుకుని వాడితే ఆ సూత్రాలన్నీ మీకు పనికొస్తాయి.

మూత దగ్గరకు వద్దాం. మీరు చేతిలో లెక్కపెట్టినప్పుడు ఒక చుట్టుకు 4 మిల్లీమీటర్లు లేచిందనుకోండి, ఒకటిన్నర చుట్టుకు 6 మిల్లీమీటర్లు. తిప్పడానికీ లేవడానికీ వేరువేరుగా కీఫ్రేములు పెడితే ఎక్కడో ఒకచోట రెండూ తప్పుతాయి. బ్లెండర్‌లో డ్రైవర్, అంటే ఒక విలువను ఇంకో విలువ నడిపే ఏర్పాటు, పెట్టి, ఎత్తును తిరిగే కోణానికి కట్టేయండి. అప్పుడు మీరు తిప్పడం ఒక్కటే చూసుకుంటే చాలు, లేవడం దానంతట అదే సరిగ్గా వస్తుంది. మర వదిలాక మూత పైకి వెళ్లే కదలికకు మాత్రం దానికి పైన తల్లిగా ఒక ఎంప్టీ, అంటే రెండర్‌లో కనిపించని ఖాళీ గుర్తు, పెట్టి విడిగా కదిలించండి. తిరగడం ఆగడానికి రెండు మూడు ఫ్రేముల ముందే పైకి లేవడం మొదలవ్వాలి. మనిషి చెయ్యి అలాగే చేస్తుంది.

కోత షాట్‌కు ఒక ఆకారంతో ఇంకో ఆకారాన్ని కోసే బూలియన్ మాడిఫయర్ వాడండి. ఒక పెట్టెను కోతకత్తిగా పెట్టి, దాన్ని ఫ్లాస్కులోకి జరిపితే గోడ తెరుచుకుంటుంది. కోసిన ముఖాలకు కాస్త వేరే రంగు ఇస్తే ఇది కోత అని కంటికి వెంటనే అందుతుంది. ఇక్కడ బొమ్మ కంటే విషయం మీద శ్రద్ధ పెట్టండి. రెండు గోడల మధ్య గాలి తీసేసిన ఈ పాత్రను 1892లో జేమ్స్ డ్యూవర్ తయారుచేశాడు. దాని రహస్యం సులువు. వేడి తాకిడి ద్వారా పోవడానికైనా, గాలి కదలిక ద్వారా పోవడానికైనా మధ్యలో పదార్థం కావాలి. పదార్థమే లేకపోతే ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. మూడో దారి వికిరణం. దానికి పదార్థం అక్కర్లేదు, అందుకే లోపలి తలాలు మెరిసేలా ఉంచుతారు. మీ షాట్‌లో వేడికి గుర్తుగా ఎర్రటి చుక్కలు లోపలి గోడను తాకి వెనక్కి మళ్లితే ఇదంతా మాట లేకుండా తెలుస్తుంది. రెండు గోడలూ కలిసేది మెడ దగ్గర. వేడి కొద్దికొద్దిగా పోయేది అక్కడి నుంచీ మూత నుంచీ. ఒకటి రెండు చుక్కలు అక్కడి నుంచి జారిపోతున్నట్టు చూపించండి. నిజం చెప్పిన బొమ్మను జనం ఎక్కువ నమ్ముతారు. అలాగే "ఇన్ని గంటలు వేడి" అనే అంకె వేయమంటే, పరీక్షలో ఎంత ఉష్ణోగ్రతతో మొదలై ఎంత దగ్గర ముగిసిందో కంపెనీని అడిగి, అదే వేయండి. అంకె లేకుండా పొగలు చూపించి మభ్యపెట్టే పని మనం చేయొద్దు.

బూడిద వెర్షన్ ఒప్పుకున్నాకే లైట్లు. స్టీల్‌తో ఒక చిక్కుంది. దానికి సొంత రూపం లేదు, చుట్టూ ఏముంటే అదే కనిపిస్తుంది. చుట్టూ ఏమీ లేని ఖాళీ సీన్‌లో పెడితే నల్లగా, మట్టిగా ఉంటుంది. కొత్తవాళ్లు లైట్ పవర్ పెంచుకుంటూ పోతారు, తెల్ల మచ్చ వస్తుందే గానీ స్టీల్ రాదు. మీరు చేయాల్సింది ఫ్లాస్కు అద్దంలో చూసుకునే వస్తువులను అమర్చడం. ఒక పక్క పొడవాటి ఏరియా లైట్, ఫ్లాస్కు కంటే ఎత్తుగా. ఇంకో పక్క సన్నటిది, కాస్త వెనకగా, అంచు గీత కోసం. వెనక తెల్లగా ఉంటే స్టీల్ అంచులు దానిలో కలిసిపోతాయి, అప్పుడు రెండు పక్కలా నల్లటి పలకలు పెట్టండి, అంచులు గీసినట్టు తేలుతాయి. ఫొటోగ్రాఫర్లు స్టూడియోలో నల్ల అట్టలతో చేసేది ఇదే. లైట్ అంతటా ఒకే వెలుగు కాకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మెల్లగా తగ్గేలా గ్రేడియెంట్ ఇస్తే స్టీల్ మీద ఆ మెత్తటి జారుడు వెలుగు వస్తుంది. మొదటి షాట్‌లో వెలుగు పాకాలి కదా, దానికి ఫ్లాస్కును కదపకండి, లైట్‌ను కదపండి.

కెమెరా లెన్స్ బ్లెండర్‌లో మొదట 50 మిల్లీమీటర్ల మీద ఉంటుంది. 85 నుంచి 100 మధ్యకు మార్చి కెమెరాను వెనక్కి జరపండి, ఫ్లాస్కు గీతలు నిటారుగా, హుందాగా ఉంటాయి. వెనక మసక బాగుందని ఎఫ్-స్టాప్, అంటే లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, మరీ తగ్గించకండి, వస్తువు బొమ్మలా చిన్నదైపోతుంది.

రంగు విషయంలో ఒక చోట చాలామంది బోల్తాపడతారు. బ్లెండర్ 4.0 నుంచి రంగులను ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్, అంటే లెక్కకట్టిన వెలుగును తెర రంగులుగా మార్చే పద్ధతి, ద్వారా చూపిస్తుంది. వెలుగు ఎక్కువైన చోట రంగు తెల్లబారి సహజంగా ఉండడం దాని గొప్పతనం. కానీ అదే కారణంగా కంపెనీ వాళ్ల బ్రాండ్ ఎరుపు కాస్త వెలిసినట్టు వస్తుంది. లోగో పొరను బ్లెండర్‌లో కాకుండా ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పెడితే దాని రంగు చెక్కుచెదరదు. ఫ్లాస్కు మీద పూత రంగును అసలు ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కంటితో సరిచూసుకోవాలి.

రెండర్ లెక్క ముందే వేయండి. 25 ఫ్రేముల చొప్పున 20 సెకన్లంటే 500 ఫ్రేములు. బ్లెండర్‌లో రెండర్ చేసే ఇంజిన్లు రెండు: వెలుగును నిజంలా లెక్కకట్టే సైకిల్స్, వేగంగా చేసే ఈవీ. సైకిల్స్‌లో ఒక్కో ఫ్రేముకు 3 నిమిషాలు పడితే 1,500 నిమిషాలు, అంటే 25 గంటలు ఆగకుండా. అదే ఈవీలో 10 సెకన్లకు ఒకటి వస్తే గంటన్నర లోపే. స్టీల్ మెరిసే షాట్లు సైకిల్స్‌లో, మిగతావి ఈవీలో చేయాలనిపిస్తుంది. కానీ రెండింటి వెలుగూ ఒకేలా ఉండదు, పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. మీరు మొత్తం సైకిల్స్‌లోనే చేయండి. శాంపుల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌కు వేసే వెలుగు లెక్కలు, తగ్గించి, మచ్చలు తుడిచే డీనాయిజ్ వాడండి. మరీ తగ్గిస్తే ఒక్కో ఫ్రేమ్ బాగానే ఉండి, వరుసగా ఆడించినప్పుడు మాత్రం మచ్చలు బుసబుసమంటూ కదులుతాయి. కాబట్టి పరీక్షగా ఒక్క ఫ్రేమ్ చాలదు, 20 ఫ్రేములు వరుసగా రెండర్ చేసి చూడండి. ప్రతి షాట్‌లో మొదటి, మధ్య, చివరి ఫ్రేములు పూర్తి నాణ్యతతో తీసి కంపెనీకి చూపించాకే రాత్రి రెండర్ పెట్టండి.

ఎట్టి పరిస్థితిలోనూ బ్లెండర్ నుంచి నేరుగా ఎంపీ4 తీయకండి. 412వ ఫ్రేమ్ దగ్గర కరెంటు పోతే ఫైల్ మొత్తం పనికిరాకుండా పోవచ్చు. పీఎన్‌జీ లేదా ఈఎక్స్‌ఆర్ సీక్వెన్స్, అంటే ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మ ఫైల్‌గా, తీస్తే 412 నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఒక షాట్‌లో తప్పు కనిపించినా ఆ ఫ్రేములే మార్చుకోవచ్చు.

ఆ సీక్వెన్స్‌ను ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చుకున్నాక ఒక చోట ఆగి చూడండి. సెట్టింగ్ మార్చకపోతే అది ఫ్రేముల వరుసను సెకనుకు 30గా తీసుకుంటుంది. మీ 500 ఫ్రేములు 20 సెకన్లు కాకుండా 17 లోపే అయిపోతాయి, సౌండ్ ఎక్కడా కుదరదు, ఎందుకో అర్థంకాక టెన్షన్ పడతారు. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లోకి వెళ్లి 25 అని రాయండి. ప్రాజెక్టును 16 బిట్‌కు మార్చండి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు ఉండేవి 256 మెట్లే. ముదురు నేపథ్యంలో గ్రేడియెంట్ 30 మెట్లలోనే ఉంటే, 1920 పిక్సెల్ వెడల్పులో ఒక్కో మెట్టు 64 పిక్సెల్స్ పట్టీలా కనిపిస్తుంది. చివర్లో కంటికి అందనంత కొద్దిగా గ్రెయిన్, అంటే సన్నటి నలుసులు, కలిపితే ఆ పట్టీలు కరిగిపోతాయి.

తెర మీద అక్షరాలు తెలుగులో పెడుతుంటే ఇది చదవండి. టెక్స్ట్ ఇంజిన్ మన లిపికి సరిపడేది కాకపోతే వత్తులు విడిపోతాయి. అది సరిగ్గా ఉన్నా, అక్షరం అక్షరంగా వచ్చే టెక్స్ట్ యానిమేషన్ మన లిపికి సరిపడదు. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు గుర్తులు. వాటిని ఒక్కొక్కటిగా ఎగరేస్తే మధ్యలో అక్షరం ముక్కలై కనిపించే ప్రమాదముంది. పదం పదంగా తీసుకురండి. ఎంతసేపు ఉంచాలో తెలియకపోతే, మెల్లగా రెండుసార్లు చదివేంతసేపు ఉంచండి. ఆ సమయంలో వెనక ఫ్లాస్కు పెద్ద పని చేయకూడదు. కళ్లు ఒకేసారి రెండు చోట్ల ఉండలేవు.

సౌండ్ చాలామంది చివరి గంటలో తగిలిస్తారు. మూత చివర బిగుసుకునే చప్పుడు మీరు మొదటి రోజు ఫోన్‌లో రికార్డు చేశారు కదా, దాన్నే శుభ్రం చేసి వాడండి. కొన్న సౌండ్ ఏదీ దానంత నమ్మకంగా ఉండదు. కోత షాట్ మొదలయ్యే ముందు సంగీతాన్ని అర సెకను ఆపేయండి, చూసేవాడు అసంకల్పితంగా దగ్గరకు జరుగుతాడు.

చివరి ఫైల్ హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో, 1080పీకి యూట్యూబ్ సూచించే 8 మెగాబిట్ల కంటే కాస్త ఎక్కువ బిట్‌రేట్‌తో ఇవ్వండి, అది ఎలాగూ మళ్లీ కుదిస్తుంది. ఫోన్‌లకు నిలువు వెర్షన్ కూడా కావాలని కంపెనీ వాళ్లు తప్పకుండా అడుగుతారు. అడ్డం వీడియోను నిలువుగా కత్తిరిస్తే 1920 వెడల్పులో మిగిలేది 608 పిక్సెల్సే. ఫ్లాస్కు నిలువు వస్తువు కాబట్టి మీకు అదృష్టమే, కానీ కోత షాట్‌లో చుక్కలు బయటకు పోతాయి. బూడిద దశలోనే రెండో కెమెరా పెట్టి రెండు కూర్పులూ చూసుకోండి. రెండు రెండర్లకు సమయం ఉంటుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

ఎన్ని రోజులంటారా, బ్లెండర్ కొత్త కాబట్టి మీకు మూడు వారాలు పడుతుందనుకోండి. చేతిలో పట్టుకుని చూడడం, స్క్రిప్టు, యానిమాటిక్‌కు మూడు రోజులు. మోడల్‌కు నాలుగు. బూడిద యానిమేషన్‌కు అయిదారు. మెటీరియల్స్, లైట్లకు నాలుగు. రెండర్‌కు రెండు, కూర్పుకూ సౌండ్‌కూ రెండు. కంపెనీ వాళ్లు జవాబివ్వడానికి తీసుకునే రోజులు ఇందులో లేవు, వాళ్లకు తేదీ చెప్పేటప్పుడు అవి కలిపి చెప్పండి.

రేపు వాళ్లకు రాసే మెయిల్‌లో మూడు అడగండి: ఒక ఖాళీ ఫ్లాస్కు, క్యాడ్ ఫైల్, లోగో వెక్టర్ ఫైల్. ఫ్లాస్కు వచ్చే దాకా మీ దగ్గరున్న ఏదో ఒక మర మూత సీసా తీసుకుని, బ్లెండర్‌లో ఆ ఒక్క మూతా తిరుగుతూ లేచే షాట్ చేసి చూడండి, నాలుగు సెకన్లది. అది కుదిరాక దాని బూడిద ప్రివ్యూ పంపండి, గ్రాఫులు చూసి ఎక్కడ సరిచేయాలో చెబుతాను.